గోడ ముట్టకుండ్రి

కండక్టర్‌కు బస్సులో శత్రువులే తప్ప స్నేహితులుండరని నా భర్త ఎగతాళి చేసేవాడు. చిల్లర దగ్గర నేను పెట్టే కేకలు ఆయన విన్నాడు మరి. కానీ జగిత్యాల నుంచి కోరుట్ల, చందుర్తి మీదుగా సిరిసిల్ల పోయే బస్సులో ఏళ్ల తరబడి టికెట్లు కొట్టిన నాకు ఆ బస్సులోనే ఇద్దరు మనుషులు దొరికారు. చుట్టాలకన్నా ఎక్కువైన మనుషులు.

ఒకామె కోరుట్లలో బడి పిల్లలకు అన్నం వండేది. నాకంటే పెద్దది. గుంటెడు భూమి లేని ఇంట్లో పుట్టి, ఊళ్లో అందరి పొలాల్లో నాట్లు వేసి, చివరికి ఆ బడి పొయ్యి దగ్గర కుదురుకుంది. ఆదివారం చర్చికి పోకపోతే ఆమెకు వారం గడవదు. ఆమెను అక్క అనేదాన్ని. రెండో ఆమె కోరుట్ల నేతవాళ్ల బిడ్డ, సిరిసిల్ల కోడలు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటారు. భర్త సాంచాల మీద పనికి పోతే, తను ఇంట్లో రాట్నం ముందు కూర్చుని వాటికి కావలసిన నూలును కండెలకు చుట్టేది. ఆమె నాకంటే చిన్నది, నాకు చెల్లె. తల్లిగారింటికి పోయి వచ్చేటప్పుడు నా పక్క సీటులోనే కూర్చునేది. నేనెవరి మీదైనా అరిస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేది.

"అక్కా, నీకు జీతం టికెట్లకిస్తున్నరా, తిట్లకిస్తున్నరా?" అని అడిగేది.

సమ్మె మొదలయ్యాక మా బస్సులన్నీ డిపోలో నిలబడిపోయాయి. మేం డిపో ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. బడులు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బొగ్గు తవ్వేవాళ్లు కూడా పని ఆపడంతో కరెంటు వచ్చిందంటే వచ్చింది, పోయిందంటే పోయింది. తెలంగాణ రాష్ట్రం వచ్చేదాకా లేవొద్దనుకున్నాం. నన్నెవరూ బలవంతాన కూర్చోబెట్టలేదు. ఇష్టంగా కూర్చున్నాను. ఇప్పుడు ఎవరడిగినా అదే చెబుతాను.

ఆ రోజుల్లోనే తుఫాను వచ్చింది. ఎక్కడో సముద్రంలో పుట్టింది మన దాకా ఏం వస్తుందిలే అని టెంటులో పరాచికాలాడుకున్నాం. వచ్చింది. మొదట గాలి వచ్చి మా టెంటును ఎత్తుకుపోయి ఎదురుగా ఉన్న కరెంటు తీగల మీద పడేసింది. తర్వాత ముసురు పట్టింది. పగలూ రాత్రీ ఒకటే వాన. ఊళ్లో ఎక్కడ చూసినా తడిసిన గోడలు, తడిసిన బట్టలు, తడిసిన బియ్యం. తెరిపి ఇవ్వగానే అక్కకూ చెల్లెకూ ఫోన్ చేస్తే రెండూ పలకలేదు. కరెంటు లేకపోతే ఫోన్లు ఎలా పలుకుతాయి? ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా మనసు ఊరుకోలేదు. మామూలు రోజుల్లో అయితే బస్సెక్కితే చాలు, వాళ్ల మంచీచెడ్డా దానంతటదే నా దాకా వచ్చేది. ఇప్పుడు బస్సు లేదు. నా భర్త మోపెడ్ తీసుకుని బయలుదేరాను.

కోరుట్లలో అక్క ఇంటి మీద సగం రేకులు లేవు. ఆమె వాకిట్లో మూడు రాళ్లు పెట్టి, తడిసిన కట్టెలతో కుస్తీ పడుతోంది. పొగకు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నన్ను చూసి లేవను కూడా లేదు.

"ఏందే, నేను సచ్చిననో బతికిననో సూడ అచ్చినవా?"

"ఫోన్ ఎందుకు తియ్యవు మరి?"

"మీ సమ్మెల కరెంటు పాయె, కరెంటు లేక ఫోన్ పాయె. నన్నడుగుతవేంది?"

నవ్వుకున్నాం. ఆ ప్రయాణంలో మేం నవ్వింది అక్కడే. చెల్లె సంగతి అక్కకూ తెలియదు. సిరిసిల్లలో నీళ్లు ఇళ్లలోకి వచ్చాయని మాత్రం ఎవరో చెప్పారట. పొయ్యి మీది గంజి దింపి, తలుపు దగ్గరికేసి, మోపెడ్ వెనక ఎక్కి కూర్చుంది.

చందుర్తి దాకా దారి పొడవునా రైతులు రోడ్డు మీదే ఉన్నారు. ఆరబోసిన మక్కజొన్నలు కుప్పల్లోనే మొలకెత్తాయి. పొలాల్లో వరి అంతా ఒక పక్కకు పడిపోయి నీళ్లలో నానుతోంది. ఒక ముసలాయన తడిసిన కంకుల్ని చేతిలోకి తీసుకుని వాసన చూసి మళ్లీ కుప్పలోనే వేస్తున్నాడు. వెనక కూర్చున్న అక్క ఏదో ప్రార్థన గొణుక్కుంటూ వచ్చింది. కల్వర్టు మీద నీళ్లు పారుతున్నచోట దిగి ఇద్దరం మోపెడ్‌ను నెట్టుకుంటూ దాటాం.

సిరిసిల్లలో చెల్లె మాకు వాకిట్లోనే ఎదురొచ్చింది. మనిషి బాగానే ఉంది. అత్తా, బిడ్డా, భర్తా అందరూ బాగానే ఉన్నారు. నాకు పోయిన ప్రాణం తిరిగి వచ్చింది. అప్పుడు చూశాను గోడను.

వాళ్లది రెండు గదుల పాత పెంకుటిల్లు. మట్టి గోడలు. రోడ్డు వైపు గోడ అడుగున నీళ్లు నిలిచి మట్టి కొట్టుకుపోయింది, నడుములో ఉబ్బింది, పైన ఇంటిలోపలికి ఒరిగింది. దూలానికీ గోడకూ మధ్య నా చెయ్యి పట్టేంత సందు. ఆ గోడకే ఒక కిటికీ. ఆ కిటికీ పక్కనే చెల్లె రాట్నం.

నాకు ఒళ్లు మండింది. "బుద్ధి ఉన్నదా మీకు? ఇయ్యాల్నే పడగొట్టుండ్రి దీన్ని" అన్నాను.

"పడగొడితె ఎట్లక్కా? నష్టం రాసే సారు అచ్చి సూడాలె గద" అంది చెల్లె.

తర్వాత అసలు సంగతి చెప్పింది. అంతకు ముందొకసారి పెద్ద వానలకు వెనక ఇంటివాళ్ల గోడ ఇలాగే ఒరిగితే, పిల్లలున్నారని భయపడి వాళ్లే పడగొట్టుకున్నారు. చూడటానికి వచ్చిన అప్పటి అధికారి, మీరు పడగొట్టుకున్న గోడకు సర్కారు ఎందుకు ఇస్తుందన్నాడట. వాళ్లు ఫోటో చూపిస్తే, ఇది మీ గోడే అని ఏం నమ్మకం అన్నాడట. వాళ్లు ఇప్పటికీ ఆ పక్కన పరదా కట్టుకునే ఉంటున్నారు.

"మాకు మల్ల గోడ పెట్టుకునే తాకతు లేదక్కా. వానకు వంగిన గోడ వంగినట్టు ఉంటెనే నష్టమని రాస్తరు. సారు సూసినంక నేనే ముందు గడ్డపార పడ్త" అంది చెల్లె.

"ఆ సారు ఎప్పుడస్తడట?"

"ఆయన సమ్మెల ఉన్నడు."

ఆ మాట అని నా ముఖంలోకి చూసింది. దెప్పడానికి కాదు. సమ్మె సంగతులు నాకు ఎక్కువ తెలుస్తాయి కాబట్టి, ఎప్పుడు అయిపోతుందో చెబుతానేమోనని చూసింది. నాకేం తెలుసు?

ఆ రెవెన్యూ అధికారి బజారులో ఉద్యోగుల టెంటు కింద ఉన్నాడని తెలిసి అక్కా నేనూ అక్కడికి పోయాం. మంచి మనిషే. మంచినీళ్లు ఇచ్చి కూర్చోబెట్టాడు. నేనూ సమ్మెలో ఉన్న కండక్టర్నని చెప్పి, ఒక్కసారి వచ్చి ఆ గోడను కంటితో చూసిపొమ్మన్నాను. రాయనక్కర్లేదు, సంతకం పెట్టనక్కర్లేదు, చూశానని మాట ఇస్తే చాలు, వాళ్లు గోడ దింపేసుకుంటారని చెప్పాను.

ఆయన చాలాసేపు తల వంచుకుని విన్నాడు. "అక్కా, నేను ఒక్క ఇంటికి అచ్చిన్నంటె వాడకట్టంత అస్తది. అందరియి సూడాలె. అప్పుడు ఆఫీసు తెరిశినట్టే గద? నిన్ను ఒక్కటడుగుత, ఏమనుకోకు. కడుపుతోటి ఉన్న పిల్లను దవఖానకు తీస్కపోవాలె, ఒక్క ట్రిప్పు కొట్టుమంటె నువ్వు బస్సు తీస్తవా?" అన్నాడు.

మా డిపో ముందుకు నిజంగానే అలా ఒకరు వచ్చారు. మేం తలా కొంత వేసుకుని ఆటో మాట్లాడి పంపాం. బస్సు మాత్రం తీయలేదు.

"సమ్మె ఇడిసిన తెల్లారి అందరికన్న ముందు మీ ఇంటికే అస్త. ఒట్టు. అప్పటిదాక గోడ ముట్టకుండ్రి" అన్నాడు.

"గోడకు సుత చెప్పు సారూ, అప్పటిదాక సమ్మెల ఉండుమని" అంది అక్క. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన నవ్వలేదు.

తిరిగి వచ్చి చెల్లెకు రెండూ చెప్పాను. సారు మాట ఇది, నా మాట ఇది, సారు మాట వినకు, గోడ దింపెయ్ అని. గొంతు చించుకున్నాను. ఆమె భర్తను కూడా తిట్టాను. నీళ్లు చొచ్చి సాంచాల పని ఆగిపోయి ఆయన అప్పటికే సగం మనిషయ్యాడు. "ఆమె ఎట్లంటె గట్లనే అక్కా" అన్నాడు. చెల్లె నా చెయ్యి పట్టుకుంది.

"అత్తను, బిడ్డను పక్కింటి అర్రల పండవెడ్త. మేం సుత ఆడనే పంటం. రాత్రి ఆ ఇంట్ల ఎవ్వలముండం. ఇగ సరేనా?" అంది.

రాత్రులు లేకపోతే సరేనని అందరం అనుకున్నాం. మట్టి గోడలు రాత్రిపూటే కూలుతాయని ఎవరు చెప్పారో మరి మాకు.

జగిత్యాల వచ్చాక కరెంటు ఉన్నప్పుడల్లా ఫోన్ చేసేదాన్ని. "ఉన్నదా?" అని అడిగేదాన్ని. "ఉన్నది. నీకన్న మొండిది" అనేది చెల్లె. పగలు ఎక్కడ కూర్చుంటున్నావని అడిగితే మాట మార్చేది. సాంచాలు మెల్లగా మళ్లీ ఆడటం మొదలుపెట్టాయి, కండెలు కావాలి. కరెంటు నిలవని ఆ ఇంట్లో మిగతా చోటంతా చీకటి. వెలుతురు ఉన్నది ఆ కిటికీ దగ్గర ఒక్కచోటే. రాట్నం ఆమె అక్కడి నుంచి కదల్చలేదు. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఎండలు వచ్చాయి. వాన వెలిసిన తర్వాతి ఎండలు చురుక్కుమంటాయి. టెంటులో అందరూ హాయిగా ఉందన్నారు. నేను మాత్రం ఆ ఎండను చూసి చెల్లె గోడనే తలుచుకునేదాన్ని. నానిన గోడ నానినంతసేపు ముద్దగా నిలబడుతుంది. ఆరడం మొదలుపెట్టాక పగుళ్లు ఇస్తుంది. మా అమ్మగారింట్లో ఒక గోడ అలాగే పోయింది, అప్పుడు కింద మేకలున్నాయి.

చెల్లె గోడ మిట్టమధ్యాహ్నం కూలింది. అక్కే ఫోన్ చేసి చెప్పింది. "మన పోరి పోయిందే" అని ఒక్క మాట అని పెట్టేసింది. నేను మళ్లీ మోపెడ్ తీశాను. కోరుట్లలో అక్కను ఎక్కించుకున్నాను.

మేం పోయేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టారు. ముఖం కడిగారు గానీ చెవుల్లో, వెంట్రుకల్లో మట్టి అలాగే ఉంది. ఒక చేతి వేళ్లకు నూలు చుట్టుకుని ఉంది. దాన్ని విప్పాలని అక్క చాలాసేపు ప్రయత్నించింది, చేతకాక వదిలేసింది. బిడ్డ పక్కింటివాళ్ల ఒడిలో ఉంది, ఏడవడం లేదు. నేను ఏడ్చాను. ఏడుస్తూనే ఆ పోయిన మనిషిని తిట్టాను. మొండిదానా, చెప్పినా వినలేదు కదే అని నోటికొచ్చినట్టల్లా తిట్టాను. ఎవరూ నన్ను ఆపలేదు.

ఆ సాయంత్రం వాడకట్టు మగవాళ్లు గడ్డపారలు తెచ్చి మిగిలిన గోడలు పడగొట్టారు. పెద్ద పనేం కాలేదు. ఇంట్లో దీపం పెట్టే వేళకల్లా అక్కడ ఇల్లే లేదు.

దినాలకు నేను పోయిన నాటికి సమ్మె విరమించి ఒక రాత్రి గడిచింది. మరునాటి నుంచి నాకు డ్యూటీ. పొద్దున్నే ఆ అధికారి వచ్చాడు, ఒట్టు పెట్టినట్టే అందరికన్నా ముందు ఆ ఇంటికే. సంగతి ఆయనకు అప్పటికే తెలిసింది. చెప్పులు దూరంగా విడిచి, గోడ ఉన్న జాగా చూసి, ఏదో రాసుకోబోయి ఆగాడు. చెల్లె భర్త ఆయన వైపు తిరిగి కూడా చూడలేదు. ఆయన్ని నాలుగు మాటలు అనాలని నాకు ఎంతో ఉంది. కానీ ఏమని అనాలి? ఆయన చేసిందే నేనూ చేశాను, ఒకే కారణానికి చేశాను, అది తప్పని ఆ నిమిషంలో కూడా నాకు అనిపించలేదు. చెల్లె మాత్రం లేదు.

చెల్లె అత్త పక్కింటి అరుగు మీద కూర్చుని ఉంది. చూపు సరిగా ఆనదు. ఎవరో వచ్చారని గుర్తుపట్టి అడిగింది.

"ఎవలు, సారా? సమ్మె అయిపోయిందా సారూ?"

"అయిపోయిందమ్మా. నిన్ననే ఇడిసినం."

"మరి తెలంగాణ అచ్చిందా?"

ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకున్నాను.

"ఇంకా రాలేదమ్మా" అన్నాడు.

ముసలామెకు కోపమేమీ రాలేదు. అర్థం కాని సంగతిని అర్థం చేసుకోవాలన్నట్టు కాసేపు తల ఊపింది.

"రాకున్న ఇడిసెటిదైతె, ఓ నాలుగు పొద్దులు ముందుగాల ఇడిసిపెట్టకపోతిరా బిడ్డా" అంది.