ముయ్యి కాయ

మారెప్ప మేష్ట్రు ఆ కాగితంలో తప్పు నా మీదికి ఎందుకు నెట్టలేదు? ఈ వయసులోనూ ఈ ప్రశ్న నన్ను వదల్లేదు.

కన్నడ రాష్ట్రపు అంచున ఉన్న వై.ఎన్.హొసకోటలో బస్సు దిగి చేల మధ్య రెండు మైళ్ళు నడిస్తే మా బడి. రెండు గదులు, ఇద్దరు అయ్యవార్లు. మారెప్ప సార్ హెడ్మాస్టరు. నేను ఉద్యోగం ఇంకా ఖాయం కానివాణ్ణి. అది ఎనభై ఏడు, జూన్ నెల. వరసగా మూడో ఏడు మబ్బులు వచ్చి, మమ్మల్ని ఊరికే చూసి పోతున్నాయి. మధ్యాహ్నం కిటికీలోంచి చూస్తే, దున్ని వదిలేసిన ఎర్రటి చేల మీద ఎండ నీళ్ళలా కదిలేది. దాన్ని చూస్తూ పిల్లలు నిద్రలోకి జారేవారు. ఒక్కోసారి నేనూ జారేవాణ్ణి.

వాళ్ళను లేపడానికే సార్ ఆటలు మొదలుపెట్టాడనుకున్నాను మొదట్లో. ఆయనది వల్లూరు. పొట్టి మనిషి, మాటకు ముందు మెల్లగా దగ్గేవాడు. బెంగళూరు ఫుట్‌పాత్ మీద కొన్న అట్టలేని ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఎప్పుడూ ఆయన సంచిలో ఉండేది. దాంట్లో ఉన్నదాన్ని గేమ్ థియరీ అంటారన్నాడు.

"ఎదుటోడు ఏం సేస్తాడో తెలీకుండా మనమేం సెయ్యాలో తేల్చుకునేది నరసింహయ్యా. మనూరోళ్ళు దినామూ సేసేదే. పుస్తకంలో ఎక్కిందని వాళ్ళకి తెలీదు, అంతే."

ఆట ఇదీ. ఇద్దరు పిల్లలు వీపులు ఆనించి కూర్చుంటారు. ఒక్కొక్కరి ఒళ్ళో కొన్ని శెనక్కాయలు. నేను "ఇయ్యి" అనగానే ఇద్దరూ ఒకేసారి చెయ్యి వెనక్కి చాపి పిడికిలి తెరవాలి. పిడికిట్లో కాయ ఉంటే అది అవతలివాళ్ళది, దానికి సార్ ఇంకో కాయ కలుపుతాడు. ఉత్త పిడికిలి చాపితే నీ కాయ నీకే మిగులుతుంది. ఇద్దరూ ఇస్తే ఇద్దరికీ లాభం. ఒకరే ఇస్తే ఇచ్చినవాళ్ళకు నష్టం.

మొదటిరోజు గదంతా ఉత్త పిడికిళ్ళే. "మీరందరూ నాకంటే తెలివైనోళ్ళు గదరా!" అని సార్ నవ్వాడు. మర్నాడు జతలు మార్చకుండా పదిసార్లు ఆడించాడు. నాలుగోసారికో అయిదోసారికో పిడికిళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. తర్వాత అందరూ ఇస్తూనే పోయారు. నా "ఇయ్యి", కాయలు చేతులు మారే చప్పుడు, బయట గాలి. ఎంతసేపు అలా గడిచిందో గుర్తు లేదు. పదోసారి ముందు "ఇదే ఆఖరు" అని చెప్పమన్నాడు సార్. చెప్పాను. మళ్ళీ అన్నీ ఉత్త పిడికిళ్ళు. హనుమప్ప కూతురు తిప్పమ్మ చేతిలో మాత్రం కాయ ఉంది.

ఆమె జత ఎల్లక్క పడీపడీ నవ్వింది. "ఆఖరని సెప్పినారు గదే పిచ్చిదానా! సెవుల్లో ఏం పెట్టుకోనుండావు?"

"ఎందుకిచ్చినావమ్మా?" సార్ అడిగాడు.

"ముయ్యి సార్."

ముయ్యి అంటే మా పక్క బదులు పని. విత్తనానికి కాయలు వలిచే రోజుల్లో ఇవాళ మీ ఇంటికి వాళ్ళొస్తారు, రేపు వాళ్ళింటికి మీరు పోతారు. కూలి ఉండదు.

"రేపు ఆట లేదు కదమ్మా."

"ఆట ల్యాకుంటే ఏమి సార్? రేపు ఎల్లక్క ఉండదా?"

సార్ పుస్తకం తెరిచి ఏదో పేజీ వెతికి, దొరకనట్టు మూసేశాడు.

రెండు రోజులకు హనుమప్ప వచ్చాడు. "ఏందయ్యవారూ, మా పాప గౌను నిండా విత్తనం కాయలు బడికి మోసకపోతాండాది!"

"కూర్చోప్పా, నీతోనూ ఆడిస్తా," అన్నాడు సార్. కూతురికి వీపు ఆనించి కూర్చున్నాడు హనుమప్ప. నేను "ఇయ్యి" అన్నాను. ఆయన తెరిచిన చేతిలో ఉత్త తొక్క ఉంది. గింజలు నోట్లో నలుగుతున్నాయి.

"దీంట్లో గెలిచేది ముందు తినేసినోడే!" అన్నాడు. అందరం నవ్వాం. ఆ సంబరంలోనే హొసకోట టీ అంగట్లో "మా అయ్యవారు పిల్లోళ్ళకి జూదం నేర్పిస్తాండాడు" అని హాస్యమాడాడట. విన్నవాళ్ళలో ఎవరో దాన్ని నిజమనుకుని పైకి అర్జీ రాసేశారు.

బడులు తనిఖీ చేసే అధికారి వచ్చాడు. సార్‌ని ఒక గదిలో, నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి చెరో కాగితం ఇచ్చాడు. నాతో కన్నడంలో నెమ్మదిగానే మాట్లాడాడు. "పిల్లలతో పందెం ఆడించారని ఫిర్యాదు. పాఠమేనని ఇద్దరూ రాస్తే మందలించి వదిలేస్తాను. ఆయన తప్పు నీదని రాసి, నువ్వు ఆయన్ని వెనకేసుకొస్తే నీ ఉద్యోగం ఖాయం కాదు. ఆలోచించుకో."

మా మధ్య ఒక గోడ. అవతల కుర్చీ కిర్రుమంది. ఇంట్లో అమ్మ, ఎండిన చేను గుర్తొచ్చాయి. "కాయలు పెట్టి ఆడించింది ఆయనే. నేను వద్దన్నాను," అని రాశాను. ఒక్కసారి కూడా వద్దనలేదు నేను.

ఆయన కాగితం పదేళ్ళ తర్వాత, వేరే పని మీద తాలూకా ఆఫీసుకు పోయినప్పుడు, ఫైల్లో చూశాను. రెండే వాక్యాలు. "ఇది పాఠం, నాది. నరసింహయ్య ఆ వేళల్లో పక్క గదిలో తన తరగతి చెప్పుకుంటున్నాడు." ఆ ఆట ఆయనకంటే బాగా తెలిసినవాళ్ళు మా తాలూకాలో లేరు. పక్క గదిలో నేనేం చేస్తానో ఆయనకు తెలియకపోదు.

నెల తిరక్కుండా ఆయనకు మధుగిరి అవతలికి బదిలీ ఆర్డరు వచ్చింది. నా ఉద్యోగం ఖాయమైంది. ఆయన చివరిరోజు పొద్దుట్నుంచీ నా తరగతిలో నిలబడి, చెప్పాల్సిన మాటను లోపల కూడబలుక్కుంటూ ఉన్నాను. మధ్యాహ్నం పక్క గదికి పోతే పిల్లలు తలలు వంచి రాసుకుంటున్నారు.

"సార్ యాడ?"

"ఎక్కాలు రాయమని సెప్పి ఎప్పుడో పొయ్యినాడు సార్," అంది ఎల్లక్క.

చేల మీద పడి పరిగెత్తాను. హొసకోట చేరేసరికి బస్సు లేదు. టీ అంగడి పాపన్న గ్లాసులు కడుగుతున్నాడు.

"మీ పెద్దయ్యవారు ఇప్పుడే పావగడ బస్సెక్కినాడు. ఏమప్పా, నీకు సెప్పల్యా?"

"సెప్పినాడు," అన్నాను.