ముందు కప్పు రానీ

ఫుట్‌బాల్ జట్టు మేనేజరుకి చొక్కా నలిగితే ప్రాణం పోయినంత పని. అయినా కుర్ర ఫార్వర్డు గోల్ కొడితే మాత్రం, కెమెరా ఎటుందో చూసుకుని మరీ వాణ్ణి కావలించుకునేవాడు. వాడు తాగొచ్చినా, తోటివాళ్లను కొట్టినా చూసీచూడనట్టు ఊరుకునేవాడు. పాలిచ్చే ఆవు తన్నినా పడాలని అతని సిద్ధాంతం. ఫైనల్ రోజు బట్టలు మార్చుకునే గదిలో వాడే వచ్చి మేనేజరు చెయ్యి పట్టుకున్నాడు. "సార్, తాగకపోతే ఒళ్లంతా వణుకుతోంది. నన్ను ఆస్పత్రిలో చేర్పించండి." మేనేజరు చెయ్యి విడిపించుకుని, చొక్కా మడత సర్దుకుని, "ముందు కప్పు రానీ నాన్నా" అన్నాడు. వాడు రెండు గోల్స్ కొట్టాడు. కప్పు వచ్చింది. బహుమతి అందుకునే వేదిక మీదే వాడు కుప్పకూలాడు. గోల్‌కీపరు వాణ్ణి భుజాన వేసుకుని ఆస్పత్రికి పరుగెత్తాడు. మేనేజరు కప్పు ఎత్తి పట్టుకుని, "కాస్త దగ్గరికి జరగండ్రా, ఫొటోలో ఖాళీ కనబడుతోంది" అన్నాడు.