నలభై ఆరు రీడింగులు

ఇంట్లో కుర్చీ కదలకుండా, నేను చూడని దేశాల్లోని ఆరుగురు చదువుకున్నవాళ్లని పన్నెండు రోజులు పరుగులు పెట్టించిన ఘనత నాది. ఎలాగో చెబుతాను. నవ్వండి, పరవాలేదు. మా ఆవిడ మూడేళ్లుగా నవ్వుతూనే ఉంది.

నేను చిలకలూరిపేట దగ్గర పత్తి మిల్లులో కాటా గుమాస్తాని. పదో తరగతితో చదువు ఆగినా లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. గుడికెళ్తే దేవుడికన్నా ముందు మెట్లు లెక్కపెట్టే రకం. కాటా గదిలో ఎనిమిదేళ్లు పనిచేసిన కంప్యూటర్‌ని మిల్లువాళ్లు తీసేస్తుంటే ఇంటికి తెచ్చి, ఉచితంగా దొరికే ఒక ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాను. దాన్ని తయారుచేసేది కంపెనీ కాదు, లోకమంతా ఉన్న ఔత్సాహికులు. అందులో లోపం కనిపెట్టినవాళ్ల పేరు కొత్త వెర్షన్‌తో వచ్చే కృతజ్ఞతల జాబితాలో వేస్తారట. నా పేరు, అంత పెద్ద జాబితాలో! ఆశ పుట్టింది.

లోపం మొదటిరోజే దొరికింది. సరిగ్గా పదిహేడు నిమిషాలకి కంప్యూటర్ దానంతటదే ఆరిపోయింది. వీడియో పెడితే పదకొండుకే. నా ఒళ్లు పులకరించింది. సొంత కంప్యూటర్ చస్తుంటే పులకరించినవాణ్ని మీరు నన్నే చూసుంటారు.

గడియారం, నోటుబుక్కు ముందేసుకుని, ఎన్ని నిమిషాలకి ఆరుతోందో రీడింగులు తీస్తుంటే మా ఆవిడ సుశీల చీపురుతో వచ్చి ఆగింది.

"ఏమండీ, ఈ పెట్టె వెనక చెయ్యి పెట్టి చూశారా? కాలిపోతోంది."

"అది సాఫ్ట్‌వేర్ సుశీలా, నీకు తెలీదు."

"కారం ఆడేటప్పుడు మన మిక్సీ కూడా ఇలాగే ఆగుద్దిగా. అడుగున గాలి కన్నాలు తుడిస్తే మళ్లీ తిరుగుద్ది."

"మిక్సీకీ దీనికీ పోలికా? ముప్పై రెండు రీడింగులు తీశాను!"

"తీయండి, తీయండి. వందైతే సన్మానం చేయిస్తా."

నలభై ఆరింటికి ఆపి, పట్టిక గీసి ఆ ఔత్సాహికులకి పంపాను. వాళ్లలో మార్తా అనే రిటైరైన లెక్చరర్ జవాబిచ్చింది: "ఇంత శుభ్రమైన నివేదిక మాకెప్పుడూ రాలేదు." ఆవిడా, మరో ఐదుగురూ కోడంతా తిరగేశారు. నాలుగు సవరణలు పంపారు. నాలుగింటితోనూ కంప్యూటర్ పదిహేడు నిమిషాలకే ఆరిపోయింది. పదో రోజున, "మీ సమస్య తేలేదాకా కొత్త వెర్షన్ ఆపుతున్నాం" అని రాశారు. కట్లు తెంచిన పత్తి బేలులా నా ఛాతీ పొంగింది.

పన్నెండో రోజు మిల్లు నుంచి వచ్చేసరికి కంప్యూటర్ విప్పేసి ఉంది. సుశీల ఒక చేత్తో స్క్రూడ్రైవర్, ఇంకో చేత్తో పాత టూత్‌బ్రష్ పట్టుకుని కూర్చుంది. ఫ్యాను పక్కన, పిల్లికూన పడుకున్నట్టు, ఎనిమిదేళ్ల దూది.

"మీ మిల్లుదేగా ఇది? ఇంకో నాలుగు పెట్టెలు తెండి, దిండు కుట్టిస్తా."

మూత బిగించి ఆన్ చేశాం. పదిహేడు నిమిషాలు దాటింది. గంట దాటింది. ఒక యంత్రం ఆగిపోవాలని అంతగా దేవుణ్ని వేడుకున్నది జీవితంలో అదొక్కసారే.

చెప్పకుండా మాయమైపోదామనిపించింది. కానీ ఆరుగురు, పన్నెండు రోజులు: డెబ్బై రెండు మనిషి రోజులు. కూర్చుని రాశాను: "లోపం మీది కాదు. దూది, ముప్పై ఎనిమిది గ్రాములు. తీసింది నా భార్య సుశీల. మన్నించండి."

మార్తా జవాబు వెంటనే వచ్చింది. "కడుపుబ్బా నవ్వుకున్నాం. కానీ మీ ధర్మమా అని ఒకటి తెలిసింది. వేడెక్కితే మా సిస్టం ఒక్క మాటైనా చెప్పకుండా ఆరిపోతోంది. ఇకనుంచి ముందే హెచ్చరిస్తుంది."

వారానికి కొత్త వెర్షన్ వచ్చింది. జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి వచ్చాను. నా పేరు లేదు. "లోపం కనిపెట్టినవారు" అన్నచోట ఉంది: సుశీల.

పిలిచి చూపించాను. కొంగుతో చేతులు తుడుచుకుని ఆ అక్షరాల మీద వేలు ఆనించింది. చాలాసేపు తీయలేదు. తర్వాత, "మరి మీ పేరేదండీ?" అంటూ తనూ పైనుంచి వెతకడం మొదలుపెట్టింది. రెండుసార్లు వెతికింది.

"ఇదేం అన్యాయమండీ! నలభై ఆరుసార్లు కూర్చున్నదెవరు? ఆ మార్తాగారికి నేను చెబుతా, రాయండి."

రాయలేదు. ఆ తెర ముందే చెయ్యి చాపి ఒట్టేశాను: ఇకమీదట మా ఇంట్లో ఏ యంత్రం ఆగినా, ఒక్క రీడింగైనా తీయకముందే స్క్రూడ్రైవర్ తెచ్చి సుశీల చేతిలో పెడతాను.