ఎనుము కడుపులో మా వీధి

ఆ రోజుల్లో నేనింకా కుర్రవాణ్ణే. వయసులో కాదు లెండి, రిటైర్మెంటులో. ఏళ్ళ తరబడి ఆఫీసులో ఫైళ్ళు వరసగా పేర్చిన చేతులకు పని దొరక్క, వంటింట్లో పప్పు డబ్బాలను ఎత్తు ప్రకారం సర్దుతున్న కాలమది. (మా ఆవిడ వాటిని మళ్ళీ తన ప్రకారం సర్దుకునేది.) సరిగ్గా అప్పుడే కర్నూలులో మా వీధికి మూడు రంగుల బుట్టలు పంచారు. పచ్చది తడి చెత్తకు, నీలిది పొడి చెత్తకు, ఎర్రది పగిలిన గాజు, బ్లేళ్ళ లాంటి ప్రమాదకరమైన వాటికి. ఇంత చక్కటి ఏర్పాటు చూసి నేను పొంగిపోయాను. కొన్నాళ్ళు తిరిగేసరికి ఎదురింటి కాంట్రాక్టరు పచ్చ బుట్టలో ఎండుమిరపకాయలు పోసుకున్నాడు, ఆయన నీలి బుట్ట స్నానాల గదికి చేరింది, పక్కింటి పాస్టరమ్మ ఎర్ర బుట్టలో కరివేపాకు మొక్క నాటింది. చెత్త మాత్రం అంతా కలిపి ఒకే కవర్లో. ఆ రోజు డైరీలో 'కోపం' అని రాసి కింద గీత గీశాను. ఆ గీత వెనక పేజీని తడిమితే ఇప్పటికీ వేలికి తగులుతుంది.

మా వీధి చివర ఖాళీ స్థలంలో పాలక్క ఒక ఎనుమును (గేదెను మా వైపు ఎనుమంటాం) కట్టేసుకునేది. పాలు పోస్తుంది కాబట్టి అందరికీ పాలక్కే. ఆ ఒక్క ఎనుముతోనే ఆమె ఇల్లు గడిచేది. ఆమె గుడిసె ముందు కుడితి తొట్టి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కలు తెచ్చి అందులో పోయడం వీధికంతటికీ అలవాటు. అంటే తడి చెత్తను వేరు చేయడం మాకెవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు, మా అవ్వలు రోజూ చేసిన పనే. కానీ చేతికి తడి అంటకూడదనే నాజూకు మాత్రం మాకు కొత్తగా వచ్చింది. తొక్కల్ని క్యారీబ్యాగులో వేసి, వాసన రాకుండా గట్టిగా ముడేసి, స్కూటరు మీద పోతూ పోతూ కవరుతో సహా తొట్టిలోకి విసిరేవారు. పైగా పుణ్యం చేశామన్న ముఖం. "ముడి ఇప్పి పొయ్యండక్కా" అని పాలక్క బతిమాలితే, "నువ్వే ఇప్పుకోరాదా, మాకు టైమైతాండాది" అనేవారు. ఆమె వచ్చి విప్పేదాకా ఎనుము ఆగుతుందా? దానికి ముడులు విప్పడం ఎవరూ నేర్పలేదు.

ఒక ఆదివారం పొద్దున పాలక్క ఖాళీ క్యానుతో మా గడప ముందు నిలబడింది. "సార్, నిన్నట్నుంచి ఎనుము నెమరెయ్యలా. కడుపు డోలు మాదిరి ఉబ్బి ఉండాది. అది పోతే నేనేం తిని బతకాల సార్?" పశువుల డాక్టరు వచ్చి డొక్క మీద తట్టి చూశాడు. లోపల ప్లాస్టిక్ ఉందన్నాడు, కోసి తీయాలన్నాడు, బతుకుతుందని మాత్రం అనలేదు. సామాన్లు తెచ్చుకోవడానికి ఆయన అటు వెళ్ళగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కవర్లు ఎవరివో తేల్చి తీరాలనుకున్నాను. తొట్టి చుట్టూ పడున్న కవర్లన్నీ ఏరి తెచ్చి వీధి మధ్యలో పట్ట మీద పోసి, ముక్కుకు తువాలు చుట్టుకుని, స్టూలు మీద కూర్చుని లోపలి బిల్లులూ చీటీలూ చూసి ఇంటింటికీ ఒక కుప్ప చొప్పున వేరు చేయసాగాను. శనివారం ముక్క ముట్టనని అందరికీ చెప్పుకునే కాంట్రాక్టరు నిన్నటి కవర్లో కోడి ఎముకలు తేలాయి.

"అవి మావి కావప్పా. ఎవరో మా కవర్లో ఏసినారు" అన్నాడు కాంట్రాక్టరు.

"అయితే కవరు మీదే కదప్పా" అన్నాను.

అదే సమయానికి రాయచోటి నుంచి కారు వచ్చి ఆగింది. మా అమ్మాయి మామగారు. చెప్పకుండా వచ్చి సంతోషపెడదామనుకున్నారట. చుట్టూ అరటి తొక్కలు, మధ్యలో నేను. ఆయన కారు అద్దం దించి చాలాసేపు చూసి, గొంతు తగ్గించి, "బావా, పెన్షను సరిగ్గానే వస్తాండాదా?" అన్నాడు. గేటు దగ్గర్నుంచి మా ఆవిడ, "లోపలికి రాండి, పరువు పోతాండాది" అంది. "పరువు ఈ కవర్లోనే ఉండాది, ముడి ఇప్పుతాండా" అని అరిచాను. వియ్యంకుడు కారు దిగకుండానే అద్దం పైకెత్తుకున్నాడు.

మధ్యాహ్నం డాక్టరు ఎనుము డొక్క కోశాడు. వీధంతా చేరింది. కాంట్రాక్టరే ముందుకొచ్చి పలుపు పట్టుకున్నాడు, పాస్టరమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. నా కుప్పలతో పోల్చి దోషిని పట్టుకుందామని నేను కళ్ళద్దాలు తుడుచుకుని సిద్ధంగా ఉన్నాను. డాక్టరు మోచేతి దాకా లోపలికి పెట్టి లాగితే కవర్లు ఒకదానికొకటి మెలితిరిగి మోకులా వచ్చాయి, వస్తూనే ఉన్నాయి. రంగులు లేవు, పేర్లు లేవు. ఏది ఎవరిదో విడదీయడానికి లేదు. మా వీధంతా అందులో ఉంది. పాలక్క మాత్రం ఎనుము మెడ మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. ఆమె తిట్టి ఉంటే నా కోపం కొంత తగ్గేదేమో.

ఎనుము బతికింది. నెమరు త్వరగానే వేసింది గానీ, పాలు మునుపటిలా రావడానికి చాలా కాలం పట్టింది. పాలక్క తొట్టిని బోర్లించేసి, "పోసేటోళ్ళు చెంబుతో తెచ్చి నా ముందర పొయ్యండి" అంది. ఇప్పటికీ అదే పద్ధతి. చెత్తబండి సంగతి మాత్రం మారలేదు. బండి తీసుకెళ్ళి పోసే పొడి చెత్త షెడ్డులో ఆడవాళ్ళు చేతులతో ఏరుతుంటారు. ముడేసిన ఒక్క కవర్లో చారు ఉంటే చాలు, మంచి కాగితమూ అట్టలూ అన్నీ పాడైపోతాయి. మీ చెత్త ఏదో మీకే తెలుసు, ఏరడానికి మీకు పట్టేది నిమిషం. మొన్న చెత్తబండి దగ్గర నేను ఒక కవరు విప్పితే లోపల ఇంకొక కవరు, దానిలో మరొకటి, అన్నిటికీ ముడులు, చివరికి ఒక అరటి తొక్క. మా నాన్న పొలం దస్తావేజులను కూడా అంత భద్రంగా దాచలేదు.

దోషి ఒక్కడే ఉంటాడని, కూర్చుని వేరు చేస్తే దొరికిపోతాడని నమ్మి స్టూలు వేసుకున్న ఆ కొత్త రిటైర్డు మనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దూ వస్తుంది. నిన్న వియ్యంకుడు ఫోను చేశాడు. "బావా, ఇంకా ముడులు ఇప్పుతాండావా?"

"ఇప్పుతాండా."

ఆయన గొంతు తగ్గించి అన్నాడు, "మా వీధిలో శానా ఉండాయి. ఓ తూరి రా. స్టూలు నేనేస్తా."