విమానానికి ఎర్ర జెండా

ఆ రోజుల్లో నాకు గట్టిగా తెలిసినవి రెండే: రైలు, వడియం. (బడికి వెళ్లింది మూడేళ్లే, ఆ చదువుకి ఈ రెండూ ఎక్కువే.) మా ఆయన హిందీ వాళ్ల దేశంలో, చకర్‌భాటా స్టేషన్‌లో గేట్‌మ్యాన్. కొత్తగా కాపురానికి వచ్చాను. క్వార్టర్ వెనక పొలాలు దాటితే, ఎప్పుడో యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన పొడవాటి చదును నేల. యుద్ధం పోయింది, విమానాలు పోయాయి, ఆవులు మిగిలాయి. అంత నేల, అంత ఎండ ఉత్తినే పోతుంటే నా ప్రాణం ఒప్పలేదు. మినప్పప్పు రుబ్బి, అత్తగారి నేతచీర అక్కడ పరిచి, ఏడాదికి సరిపడా వడియాలు పెట్టేశాను.

“అప్పుడప్పుడూ అక్కడ ఇమానం దిగుతాదే,” అన్నారు ఆయన.

“టైమేటి?”

“దానికి టైమేటే!”

“టైము లేని బండి వస్తాదేటి,” అని కొట్టిపారేశాను.

మూడోనాడు కాకుల్ని తోలుతూ కూర్చున్నాను, ఆయన డ్యూటీ ఎర్ర జెండాతో. (ఉన్నది ఉండగా వేరే కర్ర దేనికి?) ఆకాశంలో రొద. చిన్న విమానం, సూటిగా నా వడియాల మీదికే! గేటు దగ్గరి మనిషిని, ఇంకేం తోస్తుంది? నేల మధ్యలో నిలబడి జెండా ఊపేశాను. అది గుర్రుమని మళ్లీ పైకి లేచింది. చుట్టు తిరిగి వచ్చేలోపు చీర మూట కట్టేశాను.

దిగిన తెల్లచొక్కా పైలట్ నా వైపు నడిచి వస్తుంటే, మా ఆయన పరుగున వచ్చి నా పక్కన చేతులు కట్టుకు నిలబడ్డారు. “డ్యూటీ జెండా అది! నా నౌకరీ పోయిందే,” అన్నారు గొణుగుతూ. నేను జెండా వెనక్కి దాచాను.

“అరే బహూ, కోడలు పిల్లా, జెండాకి ఆగేది రైలు, విమానం కాదు,” అన్నాడు పైలట్ హిందీలో.

“మరి పైకెందుకు లేచారు?” అన్నాను వచ్చీరాని హిందీలో.

పైలట్ నన్నూ మూటనూ చూసి పగలబడి నవ్వాడు. “అచ్ఛా, ఎండాక నాకో డబ్బా ఉంచు,” అని వెళ్లిపోయాడు. ఫిర్యాదు రాయలేదు. కానీ మా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాడికీ, “మా ఆడది ఇమానానికి జెండా ఊపింది,” అని చెప్పడం ఈనాటికీ మానలేదు.

విమానాలు కావాలని ఊరంతా ఏళ్ల తరబడి అడగ్గా అడగ్గా, ఇప్పుడక్కడ కంచె, అద్దాల భవనం, టైము ఉన్న విమానాలు. మొన్న ఢిల్లీలో అమ్మాయి ఇంటికి మేమిద్దరం అక్కడి నుంచే బయలుదేరాం. అద్దంలోంచి చూద్దును కదా, వచ్చిన విమానానికి ఎదురుగా ఒకడు రెండు చేతుల్లో రంగు కర్రలు ఊపుతున్నాడు. అంత విమానమూ బుద్ధిగా వాడి ముందుకొచ్చి ఆగింది.

ఆయన వైపు చూశాను. కళ్లజోడు వెతుక్కుంటున్నట్టు నటించారు.

“ఆ పైలట్ జెండాకి ఆగదన్నాడు?”

“ఆడి సేతిలో రెండున్నాయే. నీది ఒకటేగా.”

ఒళ్లోని సంచీలో అమ్మాయికి వడియాల డబ్బా. అద్దం అవతల అదే ఎండ. ఆ ఎండలో చెప్పుల్లేకుండా, జెండా పట్టుకుని నిలబడ్డ ఆనాటి బక్కపిల్ల కనబడింది. పిచ్చిది. అయితేనేం, ఒక్క వడియం పోనివ్వలేదు.