ఆయిల్ పెరిగే కారు

ఎర్విన్ క్నాప్ తన తెలివితక్కువతనం గురించి మొదలుపెట్టాడంటే ఇంకెవరినీ నోరెత్తనివ్వడు. "నా పరువు తీసుకోవడం నాకు వచ్చు, మీ సాయం అక్కర్లేదు," అంటాడు. నలభై ఏళ్లు ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి. జర్మనీలో స్వాబియా కొండల కింద ఏ ఇంజిను దగ్గినా, బండి గేటు దాటకముందే జబ్బు చెప్పేవాడు. అందుకే తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని నలభై ఏళ్లూ సాగించుకున్నాడు.

కూతురు సిల్కె మెకానిక్ పని నేర్చుకొచ్చి షెడ్డు తనకిమ్మని అడిగింది. "కంప్యూటరు తగిలిస్తే గానీ జబ్బు తెలియనివాళ్లకు నా షెడ్డు ఇవ్వను" అని, బేరం వచ్చిన వాడికి అమ్మేశాడు. ఆ పిల్ల దెబ్బలాడలేదు. పక్క ఊళ్లో వేరేవాళ్ల దగ్గర ఎనిమిదేళ్లు పనిచేసింది. ఆ ఎనిమిదేళ్లూ తండ్రీకూతుళ్లు ఎండావానల గురించే మాట్లాడుకున్నారు.

షెడ్డుతో పాటు అమ్మనిది ఒక్క పీపా. నిండా చిక్కటి పాతకాలపు ట్రాక్టర్ ఆయిల్. కొత్త డీజిల్ కారు కొన్నాక, దానికి ఏ ఆయిల్ పోయాలో కారుతో వచ్చిన పుస్తకంలో చూశాడు. బూడిద తక్కువగా మిగిల్చే రకం పోయాలనీ, లేకపోతే పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ పూడుకుపోతుందనీ రాసి ఉంది.

"ఆయిల్‌కి బూడిదేమిటే లోరె! ఇవన్నీ డబ్బాలు అమ్ముకునేవాళ్ల మాటలు," అన్నాడు భార్యతో.

"పుస్తకం రాసినవాడికి తెలియదు పాపం, నిన్నడిగి రాయాల్సింది," అంది లోరె.

పీపాలోదే పోశాడు. ఇంట్లో ఆయిల్ పెట్టుకుని బజారులో కొన్నాడంటే ఆ ఊళ్లో తలెత్తుకు తిరగలేడు మరి.

రోజూ పొద్దున్నే ఆ కారులో బేకరీకి వెళ్లేవాడు. కిలోమీటరున్నర. రైలు గేటు పడితే డీజిల్ వృథా కాకుండా ఇంజిను ఆపేవాడు. ఉప్పు చల్లిన బ్రెట్జెల్ రొట్టెలు రెండు కొని, ఇంజిను ఒళ్లు వెచ్చబడకముందే ఇల్లు చేరేవాడు. శనివారం కారు కడిగి, ఆయిల్ ఎంతుందో చూపే డిప్‌స్టిక్ తీసి చూసేవాడు. అక్కడే వింత మొదలైంది. ఆయిల్ తగ్గడం లేదు, పెరుగుతోంది!

గురువారాలు సత్రంలో స్నేహితులు కూర్చునే బల్ల దగ్గర ఈ సంగతి మోగిపోయింది.

"మీ కార్లు ఆయిల్ తాగుతాయిరా. నాది ఆవులా ఇస్తుంది," అన్నాడు ఎర్విన్.

"దూడని వదిలి పిండుతున్నావా, ఉత్తినేనా?" అన్నాడు బెర్తోల్డ్, పందులు పెంచే పాత స్నేహితుడు.

ఎర్విన్ మాట పడే మనిషి కాదు. మర్నాడే అర లీటరు పైకి లాగి, సీసాలో పోసి, బెర్తోల్డ్ మోటారు రంపానికి వాడుకొమ్మని ఇచ్చొచ్చాడు. అది నీళ్లలా పలచగా ఉందని చేతికి తెలిసింది. ముక్కుకి కూడా ఏదో తెలిసింది. గొప్పలు చెప్పుకున్న నోటికి మాత్రం తెలియలేదు. తర్వాత డాష్‌బోర్డులో ఫిల్టర్ దీపం వెలిగితే దానిమీద నల్ల టేపు ముక్క అంటించాడు.

జూన్‌లో సిల్కె సొంత వర్క్‌షాప్ తెరిచింది. ప్రారంభ పండుగకు రమ్మని ఊరందరికీ పంపిన కార్డే తండ్రికీ వచ్చింది. కన్నతండ్రే నమ్మని మెకానిక్ దగ్గరకు బండి తోలుకెళ్లే రైతు ఆ చుట్టుపక్కల లేడు. అది సిల్కెకు తెలుసు. ఎర్విన్‌కు ఇంకా బాగా తెలుసు. ఆ రోజు లోరెతో కారులో బయల్దేరి, నలుగురిలో "శభాష్" అందామని, ఒక్క మాటే కదా అని, దారి పొడుగునా లోపల్లోపల పలికి చూసుకున్నాడు.

కొండ ఎక్కుతుండగా కారు సత్తువ చచ్చి నత్తనడక పట్టింది. ఆయిల్ దీపం కూడా ఎర్రగా వెలిగింది. ఎర్విన్ చప్పున ఆపేశాడు. వెనకే ట్రాక్టర్ మీద వస్తున్న బెర్తోల్డ్ తాడు కట్టి, పాలిచ్చే కారుని ఈడ్చుకుంటూ సరాసరి పండుగ మధ్యలోకి తెచ్చి నిలబెట్టాడు. సాసేజ్‌లు కాలుస్తున్నవాళ్లు సాసేజ్‌లు మరిచిపోయారు.

సిల్కె ముందుకొచ్చింది. బోనెట్ ఎత్తి, డిప్‌స్టిక్ తీసి, వాసన చూసింది.

"ఆయిల్‌లో డీజిల్ దిగింది నాన్నా. ఫిల్టర్‌లో మసి కాలాలంటే ఇంజిను బాగా వేడెక్కి కాసేపు నడవాలి. అది కాల్చుకోవడానికి అదనంగా డీజిల్ పోసుకుంటుంది, నువ్వు సగంలో ఆపేస్తే ఆ డీజిల్ ఆయిల్‌లోకి జారుతుంది. పోసిన ఆయిల్ కూడా దీనిది కాదు."

"పిల్ల పుస్తకం చదివి చెబుతోంది," అని ఎవరో గొణిగారు.

బెర్తోల్డ్ టోపీ వెనక్కి తోశాడు. "నువ్వు చెప్పరా ఎర్విన్. ఏమంటావ్? బంకులో కల్తీ డీజిల్ పోసుంటారు, కదూ?"

అందరూ అతని వైపే చూశారు. తప్పించుకోవడానికి దారి చక్కగా తెరిచి ఉంది. అవునంటే చాలు, నలభై ఏళ్ల పేరు నిలబడుతుంది. కూతురు పేరు మొదటిరోజే మట్టిలో కలుస్తుంది. సిల్కె డిప్‌స్టిక్‌ని గుడ్డతో తుడుస్తూ ఉంది. తుడిచిందే తుడుస్తోంది. ఎర్విన్‌కు షెడ్డు ఇవ్వనన్న రోజు గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ల కిందట కూడా ఈ పిల్ల ఇలాగే దెబ్బలాడకుండా నిలబడింది.

"బంకువాడిని ఎందుకురా అంటావ్?" అన్నాడు. "ట్రాక్టర్ ఆయిల్ పోసింది నేను. బ్రెట్జెల్‌ల కోసం దాన్ని రోజూ సగం వేడిలో ఆపేసింది నేను. దీపం వెలిగితే టేపు వేసిన మహానుభావుణ్ని కూడా నేనే. మీకు గురువారం గురువారం చెప్పిన ఆవు కథ ఉందే, అది డీజిల్‌రా. నా ముక్కుకి తెలిసింది, నాకు తెలియలేదు." తన రొమ్ము మీద వేలు పెట్టుకున్నాడు. "పాడు చేసింది ఈ ముసలి గాడిద. జబ్బు చెప్పింది మా అమ్మాయి. ఈ ఊళ్లో ఇక ఇంజిను సంగతి అడగాలంటే ఆమెనడగండి."

దారి పొడుగునా పలికి చూసుకున్న మాట మాత్రం నోటికి రానే లేదు.

సిల్కె తల బోనెట్ కిందకు వంచింది. లోపలినుంచే చెయ్యి వెనక్కి చాపింది.

"నాన్నా, ఆ టార్చి పట్టుకో. ఇటు... ఇంకొంచెం కిందకి."

ఎర్విన్ ఆదివారాలు వేసుకునే మంచి కోటు విప్పి లోరెకు ఇచ్చి, కూతురు చూపించిన చోట వెలుతురు పట్టాడు.