హాజీ బండికి వేసిన అతుకు

నాకు బహ్రెయిన్ వీసా తెచ్చిపెట్టింది వెల్డింగు కాదు, రెండు హిందీ ముక్కలు. బొంబాయిలో రేకుల షెడ్డు కింద ట్రేడ్ టెస్టుకి వరసలో నిలబడి ఉంటే, మమ్మల్ని తీసుకెళ్లిన ఏజెంటు మనిషి చెవిలో చెప్పాడు. "ఏదడిగినా 'ఆతా హై' అనండి. రాదన్నారో, రైలెక్కి రాజమండ్రి పోవడమే." ఆర్క్ వెల్డింగు వచ్చా అన్నారు, ఆతా హై. గ్యాస్ వెల్డింగు? ఆతా హై. నిజానికి గ్యాస్ నేను ముట్టుకోలేదు, అక్కడికెళ్లాక చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. సల్మాబాద్‌లో గ్యారేజీలో చేరాక కూడా ఆ మాట నోటికి అంటుకుపోయింది. నీళ్ల మోటారు బాగుచెయ్యడం వచ్చా అన్నా, బిర్యానీ వండటం వచ్చా అన్నా అదే జవాబు. ఆ బిర్యానీ తిన్నవాళ్లు నన్ను ఇప్పటికీ క్షమించి ఉండరు.

తొంభైల నడిమి సంగతి. మా గ్యారేజీకి బుసైతీన్ నుంచి ఒక పెద్దాయన వచ్చేవాడు. అందరం హాజీ అనేవాళ్లం. వయసులో ఉండగా బొంబాయితో వ్యాపారం చేశాడేమో, హిందీ మాకంటే బాగా మాట్లాడేవాడు. ఆయనకి అరవైల నాటి అమెరికా కారు ఒకటుండేది. రెండే తలుపులు, పొడుగాటి ముక్కు, స్టార్టు చేస్తే షెడ్డు రేకులు అదిరేవి. అలాంటి బండికి లారీకున్నట్టు ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఛాసీ ఉండదు. ముందొక ఫ్రేము, వెనకొక ఫ్రేము, మధ్యలో వట్టి రేకు. గట్టిగా తొక్కితే ఒళ్లంతా మెలితిరిగి తలుపులు గడగడలాడేవి. ఆ చప్పుడుకి విసిగి, ఇక ఈ బండి ఎక్కనని ఆయన ఇంటావిడ చెప్పేసిందట. ముందు ఫ్రేమునీ వెనక ఫ్రేమునీ ఇనుప పట్టెలతో కలిపేస్తే చప్పుడు పోతుందని తెలుసుకుని, హాజీ ఒక అమెరికా క్యాటలాగు పట్టుకొచ్చాడు.

దాన్ని బానెట్ మీద పరిచి నన్ను పిలిచాడు.

"నువ్వు చెప్పు ఉస్తాద్. బోల్టులతో బిగించేవి తెప్పించనా, వెల్డింగు చేసేవా?"

గల్ఫ్ చేరి అప్పటికి ఐదేళ్లు. యల్లా, కానియ్యి అన్నవాళ్లున్నారు, ఖలాస్, ఇక చాలు అన్నవాళ్లున్నారు, నువ్వేమంటావని అడిగినవాడు ఆయనొక్కడే. నా ఆనందం ఇంతా అంతా కాదు. బోల్టులవైతే తేడా వస్తే విప్పేసుకోవచ్చు. వెల్డింగువి అలా కాదు, పెట్టామంటే బండితోనే ఉంటాయి. అది తెలిసే, వెల్డింగువే తెప్పించమన్నాను. అవి గట్టివన్న మాట నిజమే. కానీ బోల్టులు బిగించడానికి ఉస్తాద్ ఎందుకు, స్పానర్ పట్టే ఎవడైనా చాలు కదా!

"ఇలాంటి బండికి చెయ్యడం వచ్చా?" అన్నాడు.

"ఆతా హై, హాజీ."

రెండు నెలలకి పట్టెలొచ్చాయి. పెట్టెలో ఇంగ్లీషు కాగితం ఒకటుంది. నాకు ఇంగ్లీషు రాదు. చదివి చెప్పమని ఎవరినైనా అడిగితే పని రాదని ఒప్పుకున్నట్టేనని, దాన్ని పెట్టెలోనే వదిలేశాను. బండిని లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు గాల్లో వేలాడుతుండగా, రెండు రోజులు కూర్చుని అతికాను. ఆ అతుకు చూసుకుని నాకు నేనే మురిసిపోయాను.

కిందికి దించాక ఇంటావిడ కూర్చునే వైపు తలుపు పడలేదు. ఎత్తి తోసినా పడలేదు.

మా గ్యారేజీలో రంగులేసే నిజామాబాద్ తమ్ముడు ఇంటరు దాకా చదివాడు. ఆ కాగితం తీసి చూశాడు.

"గిండ్ల సాఫ్ రాసిండ్రు గదా అన్నా. శక్రాలు నేల మీదున్నప్పుడే అతుకు పెట్టాల్నట. గాల్ల లేపితె బండి వంగుతదట, గట్లనే అతికిస్తె గట్లనే ఉండిపోతదట."

నాకు తల కొట్టేసినట్టయింది.

"తెల్వక చేసిన అని చెప్పు అన్నా. కోసి మల్ల అతుకుత అను. హాజీ మంచోడు, ఏమనడు," అన్నాడు.

సాయంత్రం హాజీ వచ్చాడు. తలుపుని మూడుసార్లు తోసి చూశాడు. కోప్పడలేదు. కాగితం అందుకుని నిదానంగా చదివి, నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఈ సంగతి నీకు తెలియదు కదూ ఉస్తాద్?"

అవునంటే సరిపోయేది. ఆయన అడిగిన తీరులోనే మన్నింపు ఉంది. నేను మాత్రం కళ్లు దించుకుని, "మాలూమ్ థా, హాజీ" అన్నాను. తెలుసన్నాను! రాదు, తెలియదు అనే మాటలు ఐదేళ్లుగా మింగీ మింగీ, కావలసిన పూట ఒక్కటీ బయటికి రాలేదు.

భుజం మీది చెయ్యి తీసేశాడు.

"తెలిసే ఇలా చేశావా?"

ఆయన అడిగింది అంతే. తలుపుని సీటుకి తాడుతో కట్టించుకుని తనే నడుపుకుంటూ వెళ్లిపోయాడు. మళ్లీ మా గ్యారేజీకి రాలేదు. తెలియనివాణ్ణని తేలితే నవ్వి మళ్లీ చేయించుకునేవాడు. తెలిసీ తన బండిని పాడుచేసినవాణ్ణనే నమ్మాడు, నమ్మించింది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చితికిపోతాను.

ఆ పట్టెలు కోసి మళ్లీ అతకడం రెండు రోజుల పని. అది నాకు నిజంగానే వచ్చు. బుసైతీన్ వెళ్లి ఆ మాట చెబితే నమ్మేవాడు కాదని, వెళ్లలేదు.